ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి: ఇమామ్ గజాలీ జకాత్ గ్రంథంపై ఒక పరిశీలన

ఇమామ్ గజాలీ (రహ్మ) గారి 'ఇహ్యా ఉలూమిద్దీన్' నలభై గ్రంథాల మహాసంపుటి. అందులో ఐదవది జకాత్ రహస్యాలను వివరించే గ్రంథం. నమాజ్ గ్రంథానికి తరువాత, ఉపవాస గ్రంథానికి ముందు దాని స్థానం. మన దేశంలో ఉర్దూ చదువుకున్న కుటుంబాలకు ఇది మౌలానా ముహమ్మద్ అహ్సన్ నానౌతవీ గారి అనువాదం 'మజాఖుల్ ఆరిఫీన్' ద్వారా చిరపరిచితమే. ఏటా రమజాన్ నెలలో మన ఖతీబులు ఇందులోని గాథలను వినిపిస్తూనే ఉంటారు. కాని విని తల ఊపడం వేరు, గ్రంథాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివి, ఇందులో ఏమున్నది, ఏమి లేదు అని తూచి చూడడం వేరు. ఆ రెండవ పని మనలో తక్కువగా జరిగింది. ఇహ్యాలోని హదీసుల బలాబలాలను హాఫిజ్ ఇరాఖీ వంటి వారు శతాబ్దాల క్రితమే పరిశీలించి పెట్టారు. ఆ చర్చలోకి నేను పోవడం లేదు. నా ప్రశ్న మరొకటి. దానం చేసేవాని హృదయాన్ని ఇంత లోతుగా తవ్విన ఈ గ్రంథం, దానం పుచ్చుకునేవానికి, మంచాన పడ్డవానికి, ఆ మంచం పక్కన కూర్చున్న మనిషికి ఏమి ఇచ్చింది?

ముందుగా ఇందులోని ఘనతను ఒప్పుకోవాలి. గజాలీ ఆరాధనలను మూడు తెగలుగా విభజిస్తారు. మొదటిది కేవలం దైవాజ్ఞా పాలన. హజ్జ్‌లో జమరాత్ మీద రాళ్ళు రువ్వడం దీనికి ఉదాహరణ. ఆ రాయి వల్ల ఎవరికీ కడుపు నిండదు. రెండవది కేవలం సాటి మనిషి హక్కు. అప్పు తీర్చడం ఇటువంటిది. సంకల్పం ఉన్నా లేకపోయినా సొమ్ము చేరితే అప్పు తీరినట్లే. మూడవది ఈ రెండూ కలిసినది. జకాత్ ఈ మూడవ తెగకు చెందినదని ఆయన నిర్ణయం. పేదవాని అవసరం తీరడం అందరికీ కనిపించే ప్రయోజనం. అది కళ్ళకు కనిపిస్తున్నది కనుకనే, కనిపించని రెండవ భాగాన్ని, అంటే ఆరాధనా భాగాన్ని, మనం మరచిపోతామని ఆయన హెచ్చరిక. ధర్మాన్ని సంక్షేమ పథకంగా మాత్రమే చూసేవారికీ, కేవలం పుణ్యం లెక్కగా చూసేవారికీ ఒకేసారి సమాధానం చెప్పిన విభజన ఇది.

ఇక గ్రంథానికి ప్రాణం వంటి భాగం 'మన్న్', 'అజా' చర్చ. చేసిన మేలును ఎత్తి చూపి, మనసు నొప్పించి దానాలను పాడు చేసుకోవద్దని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరా 264వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఎత్తి చూపడమంటే ఏమిటన్న దాని మీద పెద్దల అభిప్రాయాలు గజాలీ వరుసగా ఇస్తారు. గుర్తు చేయడమని ఒకరు, దానం ఇచ్చి ఊడిగం చేయించుకోవడమని మరొకరు, పుచ్చుకున్నవాని మీద గర్వించడమని ఇంకొకరు. ఇవన్నీ కొమ్మలేనని, వేరు వేరే చోట ఉన్నదని ఆయన అంటారు. ఆ వేరు హృదయంలో ఉన్నది. తాను ఉపకారిననీ, పేదవాడు ఉపకారం పొందినవాడనీ అనుకోవడమే ఆ వేరు. నిజానికి ఉపకారి పేదవాడే. నీ మీద ఉన్న అల్లాహ్ హక్కును అతడు స్వీకరించి నిన్ను శుద్ధి చేస్తున్నాడు. అతడు పుచ్చుకోకపోతే ఆ బరువు నీ మెడ మీదనే ఉండిపోయేది.

ఇంతవరకు చాలామంది చెప్పగలరు. దీని తరువాత గజాలీ ఒక పరీక్ష పెడతారు. అది ఆయన మాత్రమే పెట్టగలిగినది. నీవు దానం చేసిన పేదవాడు రేపు నీకు ఏదో అపకారం చేశాడనుకో, లేదా నీ శత్రువుతో చేతులు కలిపాడనుకో. నీవు దానం ఇవ్వక ముందు అతడు అదే పని చేసి ఉంటే నీకు ఎంత కోపం వచ్చేదో, ఇప్పుడు అంతకంటే ఎక్కువ వస్తున్నదా? వస్తే, ఆ ఎక్కువైనంత భాగమే నీ దానంలోని మన్న్. ఈ తూకానికి నిలిచే దానాలు మనలో ఎన్ని ఉంటాయి? ఇంటి పనిమనిషికి పండుగనాడు కొత్త బట్టలు పెట్టి, మరుసటి నెల ఆమె పని మానేస్తే విశ్వాసం లేని మనిషి అని మనం అన్న మాట ఈ త్రాసులో వేస్తే ఎంత తూగుతుంది?

కొందరు పూర్వీకులు దానాన్ని పేదవాని ముందు పెట్టి, దయచేసి స్వీకరించమని తామే యాచకుల్లా నిలబడేవారట. మరికొందరు అరచేయి చాపి, దానిలోనుంచి పేదవాడే తీసుకునేలా చేసేవారు. పై చేయి అతనిదే కావాలని వారి కోరిక. హజ్రత్ ఆయిషా, హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఏదైనా పంపినప్పుడు, పుచ్చుకున్నవాడు చేసిన దుఆను గుర్తుపెట్టుకొని రమ్మని తెచ్చేవానితో చెప్పి, అదే దుఆను తిరిగి అతనికి చేసేవారని గజాలీ ఉల్లేఖిస్తారు. దుఆకు బదులు దుఆ అయిపోతే, దానం ఏ ప్రతిఫలమూ లేకుండా మిగులుతుందని వారి ఉద్దేశం. ఈ పుటలు చదివాక, పంపిణీ బియ్యం సంచి చేతిలో పెట్టి ఫోటో తీసే ముందు తల ఎత్తమని ఆ వృద్ధురాలితో చెప్పే నేటి మన అలవాటును తలచుకుంటే సిగ్గు కలుగుతుంది.

అయితే ఇక్కడే మొదటి చిక్కు. పేదవాడు ఉపకారి అన్న మాట వినడానికి ఉన్నతంగా ఉన్నది. కాని ఆ ఉపకారికి నిరాకరించే స్వేచ్ఛ ఉన్నదా? ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నవాడు, ఇచ్చేవాని సంకల్పం బాగాలేదని చేయి వెనక్కు తీసుకోగలడా? దాత హృదయానికి జకాత్ ఒక చికిత్స అయితే, ఆ చికిత్సలో పేదవాడు మందుగా మారిపోయే ప్రమాదం ఉన్నది. రోగం నయమయ్యాక మందును ఎవరు తలుస్తారు? గజాలీ ఈ ప్రమాదాన్ని అసలు గుర్తించలేదని అనను. పుచ్చుకునేవాని మర్యాదలకు ఆయన ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించారు. ఆ అధ్యాయంలో ఆయన దృష్టి మరింత నిశితమవుతుంది. ఎంత వరకు పుచ్చుకోవచ్చునన్న చర్చలో ఒక పగలూ రాత్రీ గడిచేంత అని కొందరు, ఒక ఏడాది గడిచేంత అని కొందరు, భూమి గాని వ్యాపార సరుకు గాని కొని జీవితాంతం మళ్ళీ చేయి చాపనక్కర లేనంత అని ఇంకొందరు చెప్పారని వివరిస్తారు. ఆయన మాత్రం ఏడాది గ్రాసాన్ని మధ్యేమార్గంగా ఎంచుకుంటారు. నాకు మాత్రం మూడవ అభిప్రాయమే మేలుగా తోస్తుంది. ఏటేటా అదే వరుసలో, అదే ముఖాలు, అదే గుమ్మం ముందు నిలబడడం ఆ మధ్యేమార్గం ఫలితమే కదా.

రహస్యంగా పుచ్చుకోవడం మేలా, బాహాటంగా పుచ్చుకోవడం మేలా అన్న ప్రకరణం కూడా చదవదగినదే. నలుగురిలో అసూయ పుట్టకూడదని రహస్యంగా పుచ్చుకుంటున్నానని చెప్పేవానికి ఆయన ఒక పరీక్ష పెడతారు. నీ సంగతి బయటపడితే కలిగే బాధ, నీవంటి మరొకని సంగతి బయటపడినప్పుడూ అంతే కలుగుతుందా? కలగకపోతే నీ కారణం అసూయ నివారణ కాదు, నీ పరువే. బీదరికంలో ఉన్నవాని మనసును కూడా దాత మనసు మాదిరే చీల్చి చూడడం ఇందులోని న్యాయం. దానం పుచ్చుకున్నవాడు కూడా ఆయన దృష్టిలో సంపూర్ణ మానవుడే, మోసపోగలవాడే, తన్ను తాను మోసగించుకోగలవాడే.

రెండవ చిక్కు మరింత పెద్దది. ఎవరికి ఇవ్వాలన్న విషయంలో గజాలీ ఆరు గుణాలు చెబుతారు. భక్తిపరులు, విద్యావంతులు, తౌహీద్‌లో నిష్ఠ గలవారు మొదటి మూడు స్థానాలలో ఉంటారు. అవసరాన్ని దాచుకునే మర్యాదస్తులు, పిల్లల బరువుతోనో రోగంతోనో కట్టుబడినవారు, బంధువులు ఆ తరువాత వస్తారు. భక్తుని ఆకలి తీరిస్తే అతని ఆరాధనలో మనకూ పాలు దక్కుతుందని ఆయన వాదం. దీనికి బలంగా ఒక గాథ చెబుతారు. ఒక వ్యక్తి సూఫీలకు తప్ప ఇతరులకు ఇచ్చేవాడు కాదు. వీరి ధ్యాస అల్లాహ్ మీద ఉన్నది, ఆకలి వేస్తే ఆ ధ్యాస చెదురుతుంది, అలాంటి ఒక్క హృదయాన్ని నిలపడం ప్రపంచం మీదనే ధ్యాస గల వేయి మందికి పెట్టడం కంటే నాకు ఇష్టమని అతని సమాధానం. హజ్రత్ జునైద్ (రహ్మ) విని మెచ్చుకున్నారట. కొంతకాలానికి ఆ వ్యక్తి చితికిపోయి దుకాణం మూసివేయబోతున్నాడని తెలిసి, జునైద్ అతనికి సొమ్ము పంపి, ఇది పెట్టుబడిగా పెట్టుకో, దుకాణం వదలవద్దు అని చెప్పారట. ఆ మనిషి పచారీ వర్తకుడు, తన వద్ద సరుకు కొనే బీదలనుంచి వెల పుచ్చుకునేవాడు కాదు.

ఈ గాథ తాను నిరూపించవలసినదానికి కొంత విరుద్ధంగా సాక్ష్యం చెబుతున్నది. దానం ఏరి ఏరి ఇవ్వాలన్న మాట అతని నోట ఉన్నది. కాని అతని దుకాణంలో తక్కెడ ముందు నిలబడ్డ బీదవాని తౌహీద్ నిష్ఠను అతడు పరీక్షించినట్లు ఎక్కడా లేదు. జునైద్ కాపాడింది ఆ దుకాణాన్నే.

అల్ బఖరా 272వ ఆయత్‌ను ఇక్కడ పక్కన పెట్టి చూడాలి. సన్మార్గం చూపే బాధ్యత నీది కాదు, అది అల్లాహ్‌ది అని ప్రవక్త (స) వారికి చెబుతూనే ఖర్చు పెట్టడాన్ని ప్రోత్సహించిన ఆయత్ అది. ఇస్లాం స్వీకరించని బంధువులకు సహాయం చేయడానికి కొందరు విశ్వాసులు వెనుకాడిన సందర్భంలో అది అవతరించిందని వ్యాఖ్యాతలు చెబుతారు. ఫర్జ్ జకాత్ ముస్లిములకే చెందాలన్నది అధికసంఖ్యాక ఫుఖహాల నిర్ణయమని నాకు తెలుసు. సదఖా ద్వారం మాత్రం ఏ ఇంటి ముందూ మూయబడలేదు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని మరొక హదీసు కూడా ఉన్నది. ఒకడు చీకటిలో దానం చేస్తాడు. తెల్లవారేసరికి అది దొంగ చేతిలో పడిందని తెలుస్తుంది. మరునాడు వ్యభిచారిణి చేతిలో, ఆ మరునాడు ధనవంతుని చేతిలో పడుతుంది. అతడు విచారిస్తాడు. దొంగ దొంగతనం మానవచ్చు, ఆమె ఆ వృత్తి మానవచ్చు, ధనవంతుడు చూసి నేర్చుకోవచ్చు అని అతనికి ఊరట లభిస్తుంది. యోగ్యత దానానికి ముందు ఉండాలన్నది గజాలీ లెక్క. దానం తరువాత కూడా యోగ్యత పుట్టవచ్చునని ఈ హదీసు చెబుతున్నది. మన మసీదు కమిటీలలో సహాయం అడగవచ్చినవానిని నమాజ్ గురించి మొదట ప్రశ్నించే అలవాటు ఉన్నది. అడిగేవారికి గజాలీ పేరు తెలియకపోవచ్చు, పద్ధతి మాత్రం ఆ ఆరు గుణాల వరుసదే.

ఇక గ్రంథంలో లేని విషయం. రోగులను చూసుకోవడం గురించి జకాత్ గ్రంథంలో దాదాపు ఏమీ లేదు. రోగంతో కట్టుబడినవాడు అర్హుడన్న మాట తప్ప రోగి పక్కన ఉన్నవాని ఊసు లేదు. ఇహ్యా విభాగాల ఏర్పాటే దీనికి కారణం. మొదటి విభాగం ఆరాధనలు, రెండవది లోకవ్యవహారాలు. జకాత్ మొదటి విభాగంలో పడింది. రోగి పరామర్శ రెండవ విభాగంలో, పదిహేనవ గ్రంథంలో, సాటి ముస్లిం హక్కుల జాబితాలో చేరింది. అక్కడ చెప్పిన మర్యాదలు చక్కనివే. కొద్దిసేపే కూర్చోవాలి, ప్రశ్నలు తక్కువ వేయాలి, జాలి చూపాలి, స్వస్థత కోసం దుఆ చేయాలి. కాని ఇవి వచ్చి పోయేవాని మర్యాదలు. రాత్రి రెండు గంటలకు రోగిని పక్కకు తిప్పే మనిషికి ఇందులో ఒక్క వాక్యం లేదు. అల్లాహ్ తీర్పుదినాన, నేను వ్యాధిగ్రస్తుడనైతే నీవు నన్ను చూడరాలేదు అని దాసుని నిలదీస్తాడన్న ముస్లిం గ్రంథంలోని హదీసు ఉండగా, సేవను మర్యాదల పట్టీలో వేయడం నాకు సరిగా తోచదు.

ఆశ్చర్యమేమంటే దానం గురించి గజాలీ రాసిన అత్యుత్తమ పుటలు జకాత్ గ్రంథంలో కాక, ముప్పైయవ గ్రంథంలో, ఆత్మవంచనను ఖండించే చోట ఉన్నాయి. మసీదు కట్టి ఇటుక మీద పేరు చెక్కించుకునేవారు, పొరుగువారు పస్తుండగా మళ్ళీ మళ్ళీ హజ్జ్‌కు బయలుదేరేవారు అక్కడ దొరికిపోతారు. రెండు వేల దిర్హములతో నఫిల్ హజ్జ్‌కు సిద్ధపడ్డ ఒకనికి బిష్ర్ హాఫీ (రహ్మ) ఇచ్చిన సలహా అక్కడే ఉన్నది. నీకు కావలసింది అల్లాహ్ ప్రసన్నతే అయితే ఆ సొమ్ము పది మందికి ఇవ్వు, అప్పులవాడు, బీదవాడు, సంసారం బరువైనవాడు, అనాథను పెంచుతున్నవాడు. ఆ మనిషి కాసేపు ఆగి, నా మనసు ప్రయాణం వైపే లాగుతున్నది అంటాడు. బిష్ర్ చిరునవ్వు నవ్వుతారు. ఈ పట్టికలో అనాథ కాదు, అనాథను పెంచేవాడు ఉన్నాడు. అంటే మంచం పక్కన కూర్చున్న మనిషి, గజాలీ రాతలో ఒక్కసారైనా, లెక్కలోకి వచ్చాడు.

అనాథను పెంచేవాని కష్టం గజాలీకి పుస్తకాల ద్వారా తెలిసినది కాదు. సుబ్కీ రాసిన జీవిత విశేషాల ప్రకారం ఆయన తండ్రి తూస్ నగరంలో ఉన్ని వడికి బతికిన పేదవాడు. చనిపోతూ ఇద్దరు కొడుకులను ఒక సూఫీ మిత్రునికి అప్పగించాడు. ఉన్న కాస్త సొమ్ము అయిపోయాక, నా దగ్గర ఇంకేమీ లేదు, మీరిద్దరూ మదరసాలో చేరండి, తిండి దొరుకుతుంది అని ఆ సూఫీయే వారిని పంపించాడు. విద్యను మేము అల్లాహ్ కోసం కాక వెదకినా, విద్యే అల్లాహ్ కోసం తప్ప ఉండనన్నదని తరువాతి కాలంలో ఇమామ్ చెప్పుకునేవారట. క్రీ.శ. 1095లో బగ్దాద్ నిజామియాను విడిచి వెళ్ళేటప్పుడు తన ఆస్తిని పంచివేసి, తనకూ పిల్లలకూ సరిపడేంత మాత్రం ఉంచుకున్నానని 'అల్ మున్ఖిజ్'లో ఆయనే రాశారు. ఇరాఖ్ సంపద ముస్లిముల హితానికి వక్ఫ్ అయి ఉన్నదని, ఒక విద్వాంసుడు తన కుటుంబం కోసం తీసుకోవడానికి అంతకంటే మంచి సొమ్ము లోకంలో చూడలేదని కూడా రాశారు.

చిన్ననాడు మదరసా రొట్టె తిన్నారు, పెద్దయ్యాక పిల్లల్ని వక్ఫ్ సొమ్ము మీద వదిలి వెళ్ళారు. అయినా జకాత్ గ్రంథంలో ఇచ్చే హృదయం, పుచ్చుకునే హృదయం, ఈ రెండే పాత్రలు. మూడవ పాత్ర అయిన వక్ఫ్‌కు అక్కడ చోటు దొరకలేదు. మన్న్ అనే రోగానికి ఆయన చెప్పిన మందు హృదయశుద్ధి. వక్ఫ్ దానికి మరొక మందు కనిపెట్టింది. దాత చనిపోతాడు, దానం మిగులుతుంది. కోపగించుకోవడానికి దాత లేనప్పుడు ఆ పరీక్ష ఎవరికి పెడతాం?

గజాలీ తరువాత రెండు శతాబ్దాలకు, 1326లో దమస్కస్ వెళ్ళిన ఇబ్నె బతూతా ఒక సంఘటన చెబుతాడు. ఒక బానిస కుర్రవాడు చీనా పింగాణీ పళ్ళెం పడేసి పగులగొట్టుకున్నాడు. జనం పోగయ్యారు. ముక్కలు ఏరుకొని పాత్రల వక్ఫ్ అధికారి దగ్గరకు పొమ్మని ఎవరో చెప్పారు. కుర్రవాడు వెళ్ళి ముక్కలు చూపించి, అలాంటి పళ్ళెం కొనే సొమ్ము తెచ్చుకున్నాడు. అలా కాకపోతే యజమాని కొట్టేవాడే, ఆ కుర్రవాని మనసు విరిగేదే అని ఇబ్నె బతూతా అంటాడు. కుర్రవాని నమాజ్ గురించి ఎవరూ అడగలేదు. ముక్కలే అర్జీ. అదే నగరంలో 1154లో నూరుద్దీన్ జంగీ నెలకొల్పిన ఆస్పత్రిని 1184లో ఇబ్నె జుబైర్ చూశాడు. గుమాస్తాల దగ్గర రోగుల పేర్లు, వారి మందులకూ ఆహారానికీ కావలసిన ఖర్చు రాసిన పుస్తకాలు ఉండేవట. వైద్యులు తెల్లవారగానే వచ్చి రోగులను చూసేవారట. మతిస్థిమితం లేనివారిని గొలుసులతో కట్టి ఉంచారని కూడా అతడే రాశాడు. కనుక ఆ కాలాన్ని స్వర్గంగా చిత్రించనక్కర లేదు. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన మన్సూరీ ఆస్పత్రి వక్ఫ్ పత్రం ధనికుడు, పేద, స్త్రీ, పురుషుడు, ఊరివాడు, పరదేశి అన్న తేడా లేకుండా అందరికీ తలుపు తెరిచింది. ఆరు గుణాలలో ఏ ఒక్కటీ దాని గుమ్మం దగ్గర అడగలేదు.

కాని వక్ఫ్ కూడా హృదయం లేకుండా నడవదు. దాత చనిపోయినా ముతవల్లీ బతికే ఉంటాడు. ఎత్తి చూపేవాడు మారతాడు, అంతే. మన దేశంలో 4.9 లక్షలకు పైగా నమోదైన వక్ఫ్ ఆస్తుల మీద ఏటా వస్తున్నది సుమారు 163 కోట్ల రూపాయలేనని 2006లో సచార్ కమిటీ నివేదిక తేల్చింది. ఆ ఆస్తుల విలువతో పోల్చితే అది నూటికి మూడు రూపాయలైనా కాదు. గజాలీ త్రాసును దాతల ఇళ్ళనుంచి తెచ్చి వక్ఫ్ కార్యాలయాలలో పెట్టవలసిన అవసరం ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నది.

జకాత్‌ను ఊరు దాటించవద్దన్న ఆయన మాట కూడా మన తెలుగు నేలకు సూటిగా తగిలేదే. ప్రతి ఊరి పేదల చూపు ఆ ఊరి సంపద మీదనే ఉంటుందని, సొమ్ము తరలిస్తే వారి ఆశ భంగమవుతుందని షాఫయీ మార్గం ప్రకారం ఆయన చెప్పారు. గల్ఫ్ దేశాలలో సంపాదించి జకాత్‌ను కరీంనగర్‌కో, కడపకో పంపే మన యువకులను ఏమనాలి? బంధువులకూ, మరింత అవసరం ఉన్నవారికీ పంపడానికి హనఫీ మార్గంలో అనుమతి ఉన్నది. అది చాలు.

అలా పంపిన సొమ్ము మసీదు బైతుల్‌మాల్ పుస్తకంలో ఎక్కుతుంది. నేను చూసిన రెండు మూడు పుస్తకాలలో వితంతువులు, విద్యార్థులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు, వైద్యం అని గడులు ఉన్నాయి. వైద్యం గడిలో మందుల చీటీ, ఆస్పత్రి రసీదు అతికించాలి. పక్షవాతం వచ్చిన అత్తగారిని చూసుకోవడానికి బీడీలు చుట్టడం మానేసిన కోడలి దగ్గర ఏ రసీదూ ఉండదు. ఆమె పోగొట్టుకున్న కూలికి చీటీ రాసే డాక్టరు లేడు.

బద్ర్ యుద్ధానికి ముస్లిములు బయలుదేరిన రోజుల్లో దైవప్రవక్త (స) కుమార్తె, హజ్రత్ ఉస్మాన్ (రజి) భార్య అయిన హజ్రత్ రుఖయ్యా (రజి) జబ్బుపడి ఉన్నారు. ఆమెను చూసుకోవడానికి ఉస్మాన్‌ను మదీనాలోనే ఉండమని ప్రవక్త (స) ఆదేశించారు. బద్ర్‌లో పాల్గొన్నవాని పుణ్యమూ, వాని వాటా కూడా ఆయనకు దక్కుతాయని చెప్పారు. ఇది బుఖారీలో ఉన్నది. పుణ్యం ఒక్కటే అయి ఉంటే మన వక్తలు దానిని పరలోకం ఖాతాలో వేసి ఊరుకునేవారు. కాని వాటా యుద్ధధనంలో వాటా, చేతికి అందే సొమ్ము. రోగి మంచం పక్కన గడిపిన రోజులను సముదాయపు సొమ్ములో వాటాగా లెక్కకట్టిన ఈ ఉదంతం ఆ గ్రంథానికి వెలుపల ఉండిపోవలసినది కాదు.

ఆ కోడలికి నిసాబ్ లేదు, కూలి లేదు. అత్తౌబా సూరా 60వ ఆయత్ చెప్పిన ఎనిమిది వర్గాలలో మొదటి రెండూ ఆమెకు వర్తిస్తాయి. ఆమెకు ఇవ్వడానికి కొత్త ఫత్వా అక్కరలేదు. బైతుల్‌మాల్ పుస్తకంలో వైద్యం గడి పక్కన ఇంకొక గడి గీసి, రసీదు అవసరం లేదని దాని కింద రాసుకుంటే సరిపోతుంది.